క్వారీలో మనిషి పోతే ఎవరికి చెప్పాలి

క్వారీలో రాయి పడి మనిషి చనిపోయాడంటే మా వైపు జనానికి గుర్తొచ్చేది పోలీస్ స్టేషన్ ఒక్కటే. ఎస్సై వస్తాడు. పంచనామా రాస్తారు. శవాన్ని పోస్టుమార్టానికి పంపిస్తారు. సాయంత్రానికి పెద్దమనుషులు కూర్చుంటారు, క్వారీ వైపు నుంచి ఎవరో వచ్చి ఇంతిస్తాం అంతిస్తాం అంటారు, తెల్లకాగితం మీద వేలిముద్ర పడుతుంది. ఇక అయిపోయిందనుకుని అందరూ లేచిపోతారు. గనుల చట్టం చెయ్యమన్న పనుల్లో అప్పటికి ఒక్కటీ మొదలై ఉండదు.

నాది పాడేరు వైపు పెదబయలు మండలం. వయసులో ఉన్నప్పుడంతా రాతి క్వారీల్లోనే బతికాను. మొదట జాక్‌హామర్ పట్టాను. తర్వాత పరీక్ష రాసి మైనింగ్ మేట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. మేట్ అంటే పొద్దున్నే కూలీల కంటే ముందు బెంచి (రాతి గోడలో కోసిన మెట్టు) ఎక్కి, రాతిని గునపంతో తట్టి చూసి, లూజుగా ఉన్నదాన్ని దింపించి, ‘ఇక్కడ పని చెయ్యొచ్చు’ అని పుస్తకంలో సంతకం పెట్టే మనిషి. ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాను. క్వారీల్లో దెబ్బ తిన్నవాళ్లు, మనిషిని పోగొట్టుకున్నవాళ్లు అన్నా, మావా అంటూ కాగితాలు పట్టుకొని వస్తారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

క్వారీ యజమాని నోట మొదట వచ్చే మాట ఒకటుంది. ‘మాది గని కాదు. రోడ్డు మెటల్ క్వారీ. గనుల చట్టం బొగ్గు బావులకి.’ చదువుకున్నవాళ్లు కూడా దీన్ని నమ్ముతారు. నిజానికి 1952 గనుల చట్టం (2025లో కొత్త కోడ్‌లో కలిసింది, ఆ సంగతి తర్వాత చెబుతాను) దృష్టిలో ఖనిజం కోసం తవ్విన ప్రతి గొయ్యీ గనే. రాయి, కంకర, గ్రావెల్, మామూలు ఇసుక లాంటి వాటికి మూడో సెక్షన్‌లో మినహాయింపు ఉన్న మాట వాస్తవం. అయితే పైకి తెరిచి తవ్వే చోట ఆ మినహాయింపు దక్కాలంటే మూడు షరతులు ఉన్నాయి. తవ్విన గొయ్యి పైనుంచి కిందికి ఎక్కడా 6 మీటర్లు మించకూడదు. ఏ ఒక్క రోజూ 50 మందికి మించి పనిచేయకూడదు. పేలుడు మందు వాడకూడదు. మూడూ ఉండాలి. ఒక్కటి తప్పినా మినహాయింపు పోయి, అది చట్టం దృష్టిలో పూర్తి గని అవుతుంది.

అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లను నేను ముందుగా అడిగేది ఒకటే: మందు పెట్టి పేల్చారా? తూర్పు కనుమల చార్నోకైటు రాయి సమ్మెటకు లొంగేది కాదు. పాడేరు, అరకుల మీదుగా వెళ్లే 516ఈ జాతీయ రహదారికైనా, గూడేలకు వేసే సడక్ యోజన రోడ్లకైనా కంకర కావాలంటే రంధ్రాలు వేసి పేల్చాల్సిందే. ఒక్క జిలెటిన్ కడ్డీ వాడినా సరే, అక్కడ జరిగే ప్రమాదం గని ప్రమాదమే.

శాఖలు ఎక్కువై జనం తికమక పడేది తర్వాతి సంగతి దగ్గర. లీజు ఇచ్చేది, సీనరేజీ రుసుము వసూలు చేసేది రాష్ట్ర గనులు, భూగర్భ శాఖ. గనిలో మనిషి ప్రాణం బాధ్యత మాత్రం కేంద్రానిది. రాజ్యాంగం కేంద్ర జాబితాలోని 55వ అంశం గనుల్లో కార్మికుల నియంత్రణను, భద్రతను ఢిల్లీకి అప్పగించింది. ఆ పని చూసేది కేంద్ర కార్మిక శాఖ కింద ఉండే గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్. దీన్నే డీజీఎంఎస్ అంటారు. 1902లో మొదలైన ఆఫీసు. ప్రధాన కార్యాలయం ధన్‌బాద్‌లో, దక్షిణ మధ్య జోన్ కార్యాలయం హైదరాబాద్‌లో ఉన్నాయి. మండలాఫీసులోనో, మైన్స్ శాఖ అధికారికో, పోలీసులకో చెప్పేశాం కదా అనుకుంటే కుదరదు. వాళ్లలో ఎవరికి చెప్పినా డీజీఎంఎస్‌కు చెప్పినట్టు కాదు.

చెప్పాల్సిన బాధ్యత చచ్చిపోయినవాడి ఇంటివాళ్లది కాదు. యజమాని, ఏజెంటు, మేనేజరు, ఈ ముగ్గురి మీదే 23వ సెక్షన్ ఆ భారం పెట్టింది. ప్రాణం పోయినా, తీవ్ర గాయమైనా కబురు పెట్టాలి. మనుషులకు ఏమీ కాకపోయినా కొన్నింటికి కబురు పెట్టాల్సిందే: పేలుడు, మంటలు, గనిలోకి నీరు ఉరకడం, విషవాయువు రావడం, మనుషుల్నీ సరుకునూ దించే తాళ్లు, గొలుసులు తెగడం, పని జరిగే చోటు అనుకోకుండా ముందే కూలిపోవడం. వెంటనే ప్రాంతీయ ఇన్‌స్పెక్టరుకు తెలియజేసి, 24 గంటల్లో ఫారం 4-ఏ నింపి పంపాలని 1961 లోహ గనుల నియమావళి తొమ్మిదో నియమం చెబుతోంది. మరణం విషయంలో నోటీసు కలెక్టరుకు కూడా వెళ్లాలి. గాయపడినవాడు ఆసుపత్రిలో ఉండి తర్వాత చనిపోతే, ఆ సంగతి తెలిసిన 24 గంటల్లో మళ్లీ తెలపాలి.

ఆ నియమంలో ఫోన్‌తో పాటు ఎక్స్‌ప్రెస్ టెలిగ్రాం, ప్రత్యేక మనిషి అని కూడా రాసి ఉంది. టెలిగ్రాం 2013 జులైలో పోయింది. ప్రత్యేక మనిషి మాత్రం మా కొండల్లో ఇప్పటికీ అవసరమే. సిగ్నల్ కోసం గట్టెక్కి నిలబడాల్సిన ఊళ్లు మాకు ఇంకా ఉన్నాయి. సిగ్నల్ లేదన్నది సాకుగా పనికిరాదని ‘ప్రత్యేక మనిషి’ అన్న ఆ ఒక్క మాటతో తేలిపోతుంది.

అమెరికాలో కబురు పెట్టడానికి గడువు 15 నిమిషాలు. 2006 జనవరి 2న వెస్ట్ వర్జీనియాలోని సాగో బొగ్గు గనిలో పేలుడు జరిగి 12 మంది చనిపోయాక, కబురు ఆలస్యమైతే మనుషులు ఎలా పోతారో దేశమంతా చూసింది. అదే ఏడాది కొత్త చట్టం తెచ్చి ఈ గడువును అందులో రాశారు. మన 24 గంటలు కాగితం పంపడానికి మాత్రమే. ఫోన్ కబురు ‘వెంటనే’ వెళ్లాలి. ఈ రెండింటినీ కలిపేసి, రేపు చూద్దాంలే అనేవాళ్లను చాలామందిని చూశాను.

నోటీసు గురించి చట్టంలో ఇంకో మాట ఉంది. గనుల గురించి మాట్లాడేవాళ్లలో దాన్ని ఎత్తినవాళ్లు నాకు కనబడలేదు. అధికారికి పంపిన నోటీసు ప్రతి ఒకటి గని దగ్గర ప్రత్యేక బోర్డు మీద అంటించాలి. యూనియన్ వాళ్లు వచ్చి చూసుకునే చోట, కనీసం 14 రోజులు అది ఉండాలి. క్వారీలో యూనియన్ లేకపోవచ్చు. బోర్డు మీద కాగితం ఉందో లేదో చూడటానికి కళ్లుంటే చాలు. లేకపోతే ఫొటో తీసి దగ్గర ఉంచుకోమంటాను. కాగితం లేని ఖాళీ బోర్డు కూడా సాక్ష్యమే.

తీవ్ర గాయం అంటే చేయి తెగిపోవాలని, కాలు పోవాలని అనుకుంటారు. చట్టంలో ఎముక విరిగితే తీవ్ర గాయమే. చేతి వేలి కణుపులో ఎముక విరిగినా అంతే. చూపు, వినికిడి శాశ్వతంగా దెబ్బతిన్నా అంతే. నేను పనిచేసిన ఒక చోట మా బావ వరస కుర్రాడి వేళ్లు రెండు రాళ్ల మధ్య పడి నలిగాయి. మేస్త్రీ కట్టు కట్టించి, వెయ్యి రూపాయలు చేతిలో పెట్టి బస్సెక్కించాడు. ‘సిన్న దెబ్బే కదేటి’ అన్నాడు. ఆ దెబ్బ ఏ రిజిస్టరులోకీ ఎక్కలేదు. ఇప్పుడు వాడు ఆ చేత్తో నాగలి మేడి పట్టలేడు. అప్పుడు కాగితం పుట్టి ఉంటే వాడికి పరిహారం వచ్చేది. అంతకంటే ముఖ్యం, అదే బెంచి మీద మరొకడి చెయ్యి నలగకముందే ఎవరో ఒకరు వచ్చి చూసేవారు.

ఇక ప్రమాదం జరిగిన చోటు సంగతి. చావుగాని తీవ్ర గాయంగాని జరిగితే ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా, లేదా ఆయన ఒప్పుకునేదాకా, ఆ చోటును కదపకూడదు. మనిషిని కాపాడటానికి, శవాన్ని తీయడానికి, ఇంకో ప్రమాదాన్ని ఆపడానికి కదపొచ్చు. అక్కడ పని ఆపితే గని నడకే దెబ్బతింటుందన్న మినహాయింపు కూడా పెట్టారు. అది సడలింపుకు దారి తీస్తుందని నా భయం. 72 గంటల్లో ఇన్‌స్పెక్టరు రాకపోతే పని మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. హైదరాబాద్ నుంచి మా కొండ మీదికి మనిషి రావాలంటే ఆ 72 గంటల్లో ప్రతి గంటా విలువైనదే. కబురు ఒక రోజు ఆలస్యమైతే మూడో వంతు గడువు అక్కడే పోతుంది.

మా పంచాయతీ కుర్రాడొకడు దక్షిణాది జిల్లాలో ఒక గ్రానైటు క్వారీకి పనికి వెళ్లి చనిపోయాడు. పేరు రాయను, క్వారీ పేరూ రాయను. తండ్రితో నేనూ వెళ్లాను. మేం చేరేసరికి పొక్లెయిన్‌తో ఆ గోడంతా చెక్కేసి ఉంది. పైనుంచి రాయి ఎలా ఊడింది, కింద తొలిచి పైన వేలాడేలా వదిలేశారా, అంచున వదులు బండలు ఉన్నాయా అన్నది ఇక చూసి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. వాడితో పనిచేసిన ఒడియా కుర్రాడు అంతకుముందే సెల్‌లో నాలుగు ఫొటోలు తీశాడు. అవి లేకపోతే ఆ గోడ ఎలా ఉండేదో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ ఫొటోల్లో ఏం చూడాలో మేట్‌గా పనిచేసినవాడికి తెలుస్తుంది. విచారణకు వచ్చే ఇన్‌స్పెక్టరు చూసేదీ అదే. మట్టి, గ్రావెల్ ఉన్న చోట బెంచి ఎత్తు మీటరున్నర దాటకూడదు, లేదా గోడను 45 డిగ్రీలకు మించకుండా వాలుగా కొట్టాలి. గట్టి రాయిలోనూ గోడ కూలకుండా బెంచీలు వెయ్యాలి. గోడను కింద తొలవకూడదు. గొయ్యి అంచుకు 3 మీటర్ల లోపు చెట్టుగాని వదులు రాయిగాని ఉండకూడదు. పేల్చినవాడికి బ్లాస్టర్ సర్టిఫికెట్ ఉందా? ఆ పూట మేట్ ఎవరు, పుస్తకంలో సంతకం ఉందా? చనిపోయినవాడికి శిక్షణ ఇచ్చారా, హాజరు పుస్తకంలో వాడి పేరుందా? ఈ చివరి ప్రశ్న దగ్గరే చాలా క్వారీలు ఆగిపోతాయి. పుస్తకంలో పేరు లేనివాడు చనిపోతే, ‘దారిన పోయేవాడు వచ్చాడు’ అనడం తేలిక.

ప్రాణం పోయిన ప్రమాదం మీద నోటీసు అందిన రెండు నెలల్లో విచారణ జరిపి తీరాలి. పెద్ద ప్రమాదమైతే కేంద్ర ప్రభుత్వం 24వ సెక్షన్ కింద కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ వేయవచ్చు. సివిల్ కోర్టు లాగా సాక్షులను పిలిపించే అధికారం దానికి ఉంటుంది. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా బొగ్గు గనిలోకి నీళ్లు ఉరికి 375 మంది చనిపోయినప్పుడు, పట్నా హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి యు.ఎన్. సిన్హా అలాంటి విచారణే జరిపారు. కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ నివేదికను ప్రభుత్వం తప్పనిసరిగా ప్రచురించాలి. మామూలు విచారణ నివేదికలకు ఆ నిర్బంధం లేదు, ప్రభుత్వం తలచుకుంటే ప్రచురిస్తుంది. నాకు ఇది మింగుడు పడదు. 375 మంది చావుకు కారణం లోకానికి తెలియాలి, ఒక్కడి చావుకు కారణం ఫైల్లో ఉంటే చాలు అన్నట్టుంది. ఆ ఒక్కడి ఇంటివాళ్లు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి ఆ నివేదిక అడగాలి. అడగమనే చెబుతాను.

తెలుగు నేల మీద ఇలాంటివి కొత్త కాదు. 2003 జూన్ 16న గోదావరిఖనిలో సింగరేణి జీడీకే-7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చేరి 17 మంది కార్మికులు పోయారు. బొగ్గు గనుల్లో యూనియన్లున్నాయి, పత్రికలు వెంటపడతాయి. రాతి క్వారీల చావులు అలా నిలవవు. 2018 ఆగస్టు 3 రాత్రి కర్నూలు జిల్లా హత్తిబెళగల్ క్వారీలో పేలుడు, పదిమందికి తక్కువ కాకుండా చనిపోయారు. 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె ముగ్గురాయి గని దగ్గర జిలెటిన్ దించుతుండగా పేలి పదిమంది. 2025 ఆగస్టు 3న బాపట్ల జిల్లా బల్లికురవ గ్రానైటు క్వారీలో రాతి అంచు విరిగిపడి ఆరుగురు. హత్తిబెళగల్‌లోనూ బల్లికురవలోనూ చచ్చినవాళ్లలో ఒడిశా నుంచి వచ్చిన కూలీలున్నారు. తేదీ కూడా ఒకటే, మధ్యలో ఏడేళ్లు. మా పెదబయలు సంతలో పక్కన కూర్చుని సరుకు అమ్ముకునేవాళ్ల లాంటి మనుషులు వాళ్లు.

శిక్షల సంగతి చెబితే ఎవరికైనా కోపం రావాలి. 1952 చట్టంలో ప్రమాదం గురించి నోటీసు ఇవ్వకపోతే మూడు నెలల వరకు జైలు, లేదా 500 రూపాయల వరకు జరిమానా ఉండేది. నియమం తప్పినందువల్ల ప్రాణం పోతే రెండేళ్ల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ ఉండేవి. కేసు పెట్టడానికి మామూలుగా ఆరు నెలల గడువు ఉండేది. ఒక టిప్పర్ కంకర ధర అంత కూడా ఉండని జరిమానా చూసి భయపడిన యజమాని ఎవరు?

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. గనుల చట్టం 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో కలిసిపోయింది. కోడ్‌తో పొసగే పాత నియమాలు ప్రస్తుతానికి అలాగే నడుస్తాయి. కొత్త కోడ్ ప్రకారం మరణానికైనా, 48 గంటలు పనికి రాలేని గాయానికైనా నోటీసు ఇవ్వాలి. పాత చట్టంలో రిపోర్టు చెయ్యాల్సిన గాయానికి హద్దు 72 గంటలు. విధులు తప్పడం వల్ల ప్రాణం పోతే జరిమానా 5 లక్షలకు తగ్గకూడదు, జైలు రెండేళ్ల వరకు. ఆ జరిమానాలో కనీసం సగం బాధితుడికి, లేదా వారసులకు ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. అయితే ఇన్‌స్పెక్టరు పేరును ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ చేశారు. పేరు మారినా ఫర్వాలేదు, ఆయన కొండ ఎక్కి క్వారీకి రావాలి.

పరిహారం గురించి మా వాళ్లకు గట్టిగా చెప్పేది ఇది. పెద్దమనుషుల ముందు క్వారీవాళ్లు చేతికిచ్చిన డబ్బు చట్టం దృష్టిలో పరిహారమే కాదు. 1923 నుంచి 2025 దాకా ఉన్న పరిహార చట్టం ప్రకారం మరణ పరిహారాన్ని కమిషనర్ దగ్గర జమ చెయ్యాల్సి ఉండేది, ఆయనే వారసులకు ఇచ్చేవాడు. హక్కు వదులుకున్నానని వేలిముద్ర వేయించుకున్న కాగితం చెల్లదు. కొత్త సామాజిక భద్రత కోడ్ కూడా మరణ పరిహారాన్ని అధికారి దగ్గరే జమ చెయ్యమంటోంది. ‘కాంట్రాక్టరు మనిషి, మాకు సంబంధం లేదు’ అంటే అసలు యజమానే కట్టి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలి.

లెక్క కూడా చెబుతాను, ఎందుకంటే లెక్క తెలియకే మోసపోతాం. చనిపోయినవాడికి 30 ఏళ్లనుకుందాం. రోజుకు 400 కూలి, నెలకు 26 రోజులు పని. నెల జీతం 10,400. అందులో సగం 5,200. ముప్పై ఏళ్ల వయసుకు చట్టం పట్టికలో ఉన్న అంకె 207.98. గుణిస్తే 10,81,496 రూపాయలు. మా దగ్గర పంచాయితీల్లో వినిపించే మొత్తాలు దీని దరిదాపులకు రావు.

ఏ జిల్లాలో చనిపోయినా ఆ జిల్లాకే తిరగక్కర్లేదు. ఇంటివాళ్లు ఉంటున్న ప్రాంతంలోని అధికారి దగ్గరే దరఖాస్తు పెట్టుకోవచ్చు, రెండేళ్ల లోపు. షెడ్యూల్డ్ తెగలవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవా సంస్థ వాళ్లు లాయరును ఇస్తారు. గ్రానైటు క్వారీలో పోయిన ఆ కుర్రాడి తండ్రి చేత నేను చేయించింది ఇదే.

ప్రమాదం జరగకముందు ఊరి చేతిలో ఉన్న అవకాశం ఒకటుంది. మాది షెడ్యూల్డ్ ప్రాంతం. 1996 పెసా చట్టం ప్రకారం చిన్నతరహా ఖనిజాల లీజుకు ముందు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు కావాలి. సిఫారసు కోసం వచ్చిన రోజే అడగమంటాను: పని మొదలుపెట్టడానికి నెల ముందు డీజీఎంఎస్‌కు ఇవ్వాల్సిన నోటీసు ఎవరు పంపుతారు, మేనేజరు ఎవరు, బ్లాస్టర్ ఎవరు, ప్రమాదం జరిగితే ఫోన్ చేసే నంబరు ఏది? జవాబులు గ్రామసభ తీర్మానంలో రాయించాలి. నంబరు క్వారీ గేటు మీద పెయింటుతో పెద్దగా, తెలుగులోనూ ఒడియాలోనూ రాయించాలి.